పాస్టరుగారూ, ఆ సినిమా చూశారా?



2025 ఫిబ్రవరి నెలాఖరు ఆదివారము. పొందూరులో ఆరాధన ముగిసి, అందరూ గుమ్మము దగ్గర చెప్పులు వెదుక్కుంటున్నారు. నూలు వడికి బ్రతికే ఒక పెద్దామె నా దగ్గరకు వచ్చి, ఎవరైనా వింటున్నారేమోనని ఇటూ అటూ చూసి, గొంతు తగ్గించి అడిగింది.

"అయ్యగోరూ, కోపం సేయకండి. తండేలు సినిమా సూసినారేటి?"

పక్కనున్న ఇద్దరు ముగ్గురు చప్పున తలలు వంచుకున్నారు. పాస్టరును అడగవలసిన ప్రశ్నా ఇది, ఇక ఏమి చీవాట్లు తింటుందో అని వారి భయము.

"చూశానమ్మా. అమ్మగారూ, పిల్లలూ, నేనూ శ్రీకాకుళం వెళ్లి చూసి వచ్చాము" అన్నాను.

ఆమె ముఖము వికసించింది. "మరి మీకెలగుంది?" అంది. అంతే, వంచిన తలలు పైకి లేచాయి. వేపచెట్టు క్రింద అరగంట సేపు నిలబడి మాట్లాడుకున్నాము. ఒకరు సముద్రము బాగుందన్నారు, ఒకరు పాటలు ఎక్కువైనాయన్నారు, ఒక సహోదరి కళ్లు తుడుచుకుంది. ఆ ఉదయము నేను నలభై నిమిషాలు చేసిన ప్రసంగము సంగతి మాత్రము ఒక్కరూ ఎత్తలేదు!

ఆ ప్రశ్నకు నేను దాపరికము లేకుండా జవాబు చెప్పగలగడానికి పదహారు సంవత్సరాలకు పైగా పట్టింది. ఎందుకు పట్టిందో ముందు చెప్పి, తరువాత మా ఇంట్లో ఈమధ్య చూసిన కొన్ని పాత, కొత్త సినిమాల గురించి నాకు తోచిన నాలుగు మాటలు వ్రాస్తాను. నేను సినిమా పండితుడను కాను. అన్నము తినేటప్పుడు ఇంటిల్లిపాదీ అనుకునే మాటలు ఎలా ఉంటాయో ఇవీ అలాంటివే.

గోడకు ఆనించిన డోలకు

అది 2008. వేదాంత విద్యలో డిప్లొమా పుచ్చుకుని సేవలో అడుగుపెట్టిన తొలి రోజులు. పట్టా మీద సిరా ఆరలేదు గాని నోట మాత్రము నిప్పులు కురిసేవి. మా గాయక బృందములో డోలకు వాయించే అబ్బాయి ఒకడుండేవాడు. పందొమ్మిదేళ్ల వయస్సు. వాడు సినిమా హాలు దగ్గర టిక్కెట్ల వరుసలో నిలబడి ఉండగా చూశామని ఎవరో నాకు చెప్పారు.

మరుసటి ఆదివారము సంఘమంతటి ఎదుట, వాని పేరు పెట్టి, సినిమా హాలులో కూర్చుని వచ్చిన చేతులు దేవుని మందిరములో వాయిద్యము పట్టడానికి తగవని అన్నాను. వాడు ఒక్క మాట ఎదురు చెప్పలేదు. డోలకును చప్పుడు కాకుండా గోడకు ఆనించి, బయటకు వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు. నెల తిరగకముందే చెన్నపట్నము రైలెక్కాడు. వాళ్లమ్మ మాత్రము ప్రతి ఆదివారము వచ్చి, ఎప్పుడూ కూర్చునే చాపమీదే కూర్చునేది. నన్ను ఒక్క మాట కూడా అనలేదు. ఆ తల్లి తిట్టి ఉంటే నా మనస్సు కాస్త తేలికపడేదేమో.

ఈ సంగతి ఇక్కడ ఆపి, చివర మళ్లీ చెబుతాను.

గుడ్డ తెర మీద చూసిన ప్రభువు

నిజము చెప్పాలంటే, సినిమాను అంతగా తిట్టిన నేను, ప్రభువు ముఖమును మొదట చూసినది సినిమాలోనే. నాకు ఎనిమిది తొమ్మిదేళ్లప్పుడు మా ఊరి బడి మైదానములో రెండు గెడలు పాతి, తెల్లగుడ్డ కట్టి, జనరేటరు పెట్టి 'కరుణామయుడు' వేశారు. తెరకు ముందు చోటు చాలక, సగము ఊరు తెర వెనుక కూర్చుంది. వెనుకనుండి చూసినవారికి అక్షరాలు తిరగబడి కనబడ్డాయి గాని కథ తిరగబడలేదు. కొరడా దెబ్బల దగ్గర మా తాతమ్మ లేచి ఆ రోమా సైనికుని మీద మట్టి విసిరింది.

ఆ చిత్రము 1978 డిసెంబరులో విడుదలయింది. ప్రభువుగా నటించిన విజయచందర్‌గారు ప్రకాశం పంతులుగారి మనుమడు. దర్శకుడు భీంసింగ్‌గారు చిత్రము విడుదల చూడకుండానే ఆ ఏడాది మొదట్లోనే కన్నుమూశారు. డబ్బు ఇబ్బందుల వలన నిర్మాణము చాలాకాలము నడిచింది. ఆ తరువాత అది తెలుగు ఎల్లలు దాటి, ఇతర భాషలలో మన దేశపు పల్లెపల్లెకూ వెళ్లింది. సిలువ మోసే ఘట్టములో మోదుకూరి జాన్సన్‌గారు వ్రాసిన పాట నేటికీ శుభశుక్రవారమున ఎన్నో మందిరాలలో వినబడుతుంది.

క్రిందటి శుభశుక్రవారము పిల్లలతో కలిసి మరల చూశాను. గడ్డాలు, జుత్తులు అతికించినవని ఇప్పుడు తెలిసిపోతోంది. నడక కూడా నెమ్మది. మా అబ్బాయి ఎనిమిదవ తరగతి; అరగంటకే కదలడము మొదలుపెట్టాడు. అయినా సిలువ దారిలో వాడు కదలలేదు. విజయచందర్‌గారి కళ్లలో ఏదో శాంతి ఉంది. ఆయన ఎక్కువ నటించకపోవడమే ఆ నటన గొప్పతనమని నాకు తోచింది. సినిమా అంతా సాతాను పని అని వేదిక మీదనుండి అరిచిన రోజులలో, ఈ గుడ్డ తెర నాకెందుకు గుర్తు రాలేదో తెలియదు.

మన తీరపు కథ

ఇక ఆ పెద్దామె అడిగిన 'తండేల్'. 2025 ఫిబ్రవరి 7న వచ్చింది. చందూ మొండేటి దర్శకుడు; నాగచైతన్య, సాయిపల్లవి నటించారు. తండేలంటే వేటకు వెళ్లే జట్టుకు నాయకుడని మన తీరములో చిన్న పిల్లవాడు కూడా చెబుతాడు. కథకు ఆధారము మనకు పొరుగునున్న ఎచ్చెర్ల మండలము డి.మత్స్యలేశము మత్స్యకారులు. ఇక్కడ సరైన హార్బరు లేక వీరు ఏటా గుజరాతులోని వెరావల్ వెళ్లి కూలికి పడవలెక్కుతారు. 2018 నవంబరులో అలా వెళ్లిన మన ఉత్తరాంధ్రవారు సముద్ర సరిహద్దు దాటారని పాకిస్తానువారికి పట్టుబడ్డారు. కరాచీ జైలులో సంవత్సరానికి పైగా ఉండి, 2020 జనవరిలో 20 మంది వాఘా సరిహద్దు దగ్గర మన నేల మీద అడుగుపెట్టారు.

సినిమా అన్నాక కల్పన ఉంటుంది. నాకు పాటలు, డాన్సులు ఎక్కువనిపించాయి. జైలు ఘట్టాలలో వీరావేశము కూడా మోతాదు మించింది. మన యాస కొన్నిచోట్ల బాగా పలికింది, కొన్నిచోట్ల కోటు మీద తువ్వాలు వేసినట్లుంది. కాని తుపానులో పడవ దృశ్యము, ఒడ్డున ఎదురుచూసే ఆడవారు మాత్రము నన్ను వదలలేదు. ఇక వేటకు వెళ్లవద్దని సత్య బ్రతిమాలుతుంది. అతడు వెళ్తాడు. ఆమె కోపముతో మరొక పెళ్లికి సిద్ధపడుతుంది. హాలులో కొందరు ఆమెను మొండిది అన్నారు. నాకు అది మొండితనముగా కాక భయముగా కనబడింది.

వేపచెట్టు క్రింద కళ్లు తుడుచుకున్న సహోదరి భర్త ఎనిమిదేళ్లుగా చెన్నైలో భవనాల పని చేస్తున్నాడు. "ఆయన పదో అంతస్తు మీద నిలబడతాడంట. నాకు రాత్రులు నిద్ర పట్టదని ఇంతవరకు ఆయనకు సెప్పనేదు. ఆ సినిమాలో గుంట సెప్పీసింది" అంది. ఎనిమిదేళ్లుగా నేను ఆమె ఇంట గృహకూటము పెడుతున్నాను. ఆ మాట నా ప్రార్థనల వలన బయటకు రాలేదు, ఒక సినిమా వలన వచ్చింది. ఆ వారము నుండి దూర పనులకు వెళ్లినవారి భార్యలతో ఒక చిన్న ప్రార్థనా కూటము ఆరంభించాము.

మేరీని పెంచిన తల్లిదండ్రులు

పాతవాటిలో మా ఇంటికంతటికీ ఇష్టమైనది 'మిస్సమ్మ'. 1955 నాటిది, ఎల్.వి.ప్రసాద్‌గారి దర్శకత్వము. ఇందులో సంగీతము మనవాడైన సాలూరి రాజేశ్వరరావుగారిది. సాలూరు దగ్గరి శివరామపురము ఆయన పుట్టిన ఊరు. ఇక డిటెక్టివుగా నవ్వించే నాగేశ్వరరావుగారు పొందూరు ఖద్దరు పంచె ముచ్చటగా కట్టేవారని మా ఊరివారు ఇప్పటికీ గర్వముగా చెప్పుకుంటారు. తాతగారు మన ఖద్దరు కట్టారు, మనుమడు నాగచైతన్య 'తండేల్'లో మన యాస కట్టాడు!

కథ మీకు తెలిసినదే. భార్యాభర్తలిద్దరూ పట్టభద్రులైతేనే ఉద్యోగమన్న ప్రకటన చూసి, పెళ్లికాని ఇద్దరు దంపతులుగా నటిస్తూ జమీందారుగారి బడిలో చేరుతారు. ఆమె క్రైస్తవురాలు మేరీ, అతడు హిందువు. ఒక్క అబద్ధము కప్పడానికి పది అబద్ధాలు ఆడవలసి రావడము ఎంత నవ్విస్తుందో అంత బుద్ధి చెబుతుంది. మా అమ్మాయి ఇంటరు చదువుతోంది. "నాన్నా, అప్పు తీర్చడానికే కదా మేరీ ఆ పని చేసింది. అప్పిచ్చి పెళ్లికి పీడించే ఆ డేవిడ్‌ది తప్పు కాదా?" అంది. అబద్ధము గురించి పెద్ద ఉపన్యాసము మొదలుపెట్టబోయిన నేను నోరు మూసుకున్నాను. పేదరికము మనిషిని ఎక్కడికి నెడుతుందో పిల్ల నాకంటె ముందే చూసింది.

నాకు ఒక చిన్న లోటు తోచింది. చివరకు మేరీ జమీందారుగారి తప్పిపోయిన కూతురు మహాలక్ష్మి అని తేలితేనే కథ సుఖాంతమవుతుంది. అందరూ సంతోషిస్తారు. కాని దారిలో దొరికిన బిడ్డను తెచ్చి, పాలు పోసి, అప్పు చేసి బి.ఏ. చదివించిన ఆ బీద క్రైస్తవ తల్లిదండ్రుల సంగతేమిటి? ఆ రాత్రి వారి ఇంట దీపము ఎలా వెలిగి ఉంటుందో సినిమా చూపలేదు. కన్నవారి ఆనందము ఎంత నిజమో పెంచినవారి ఎడబాటు అంత నిజము. అనాథ బిడ్డలను పెంచుతున్న కుటుంబాలు మన సంఘాలలో ఉన్నాయి. ఈసారి 'మిస్సమ్మ' చూసినప్పుడు వారిని తలచుకోండి.

నేతగాని తల్లి భుజము

మన పొందూరువారు తప్పక చూడవలసిన చిత్రము 'మల్లేశం'. 2019లో వచ్చింది. తెలంగాణలోని శారాజీపేటలో చేనేత కుటుంబములో పుట్టిన చింతకింది మల్లేశంగారి నిజ జీవితమిది. పోచంపల్లి తరహా చీర నేయాలంటే ముందుగా ఆసు పోయాలి. ఒక చీరకు నూలును కొయ్యల చుట్టూ సుమారు 9,000 సార్లు చేయి చాచి త్రిప్పాలి. గంటల తరబడి ఆ పని చేసి తల్లి భుజము పట్టుకుని ఏడ్వడము చూసిన కొడుకు, బడి చదువు మధ్యలో మానివేసినవాడు, ఊరంతా పిచ్చివాడన్నా వినక, అప్పులపాలై, చివరకు 1999లో ఆసు యంత్రము పూర్తిచేశాడు. దానికి తల్లి పేరు పెట్టి లక్ష్మీ ఆసు యంత్రమన్నాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది. సినిమాలో మల్లేశముగా ప్రియదర్శి, తల్లిగా ఝాన్సీ ఎంతో సహజముగా నటించారు. ఫైట్లు లేవు. విలను లేడు. భుజము నొప్పే విలను.

మా స్త్రీల సమాజమువారికి మందిరము ప్రక్క గదిలో టీవీ మీద ఈ సినిమా చూపించాము. వారిలో నలుగురైదుగురు రాట్నము మీద బ్రతికేవారే. సినిమా ముగిశాక ఎవరూ లేవలేదు. ఒకామె తన కుడి భుజము నిమురుకుంటూ, "మా కొడుకులు మన బుజం ఎప్పుడైనా సూసినారేటే?" అని పక్కామెను అడిగింది. ఆ ప్రశ్న విని ఇంటికి వెళ్లి నేను మా అమ్మకు ఫోను చేశాను.

ఎముక ముక్క కోసము ఇరవై ఏళ్లు

2023లో వచ్చిన 'బలగం' కూడా ఇంటిల్లిపాదీ చూశాము. వేణు యెల్దండి దర్శకుడు. ఇంటి పెద్ద చనిపోతాడు. ఎన్నడో విందులో ఒక నల్లి బొక్క దగ్గర వచ్చిన మాట పట్టింపుతో బావ, బావమరిది ఇరవై ఏళ్లుగా ముఖాలు చూసుకోరు. ఆ పట్టింపు వలన కూతురు కన్నతండ్రిని చూడలేకపోయింది. పిండము కాకి ముట్టదు. ఎందుకు ముట్టలేదన్నదే కథ. కాకి ఆచారము మనది కాదు. ఆ కారణముచేత ఒక పెద్దగారు ఈ సినిమా క్రైస్తవులు చూడరాదన్నారు. ఆయన మాటను నేను గౌరవిస్తాను. కాని మన సమాధుల దగ్గర కాకులు లేకపోయినా కయ్యాలు లేవా? పెట్టె మోసే దగ్గర, భోజనాల దగ్గర, పొలము గట్టు దగ్గర మాటలు మానివేసిన అన్నదమ్ములు ఒకే మందిరములో చెరొక ప్రక్క కూర్చుని ప్రభువు బల్ల తీసుకోవడము నేను చూస్తున్నాను.

తెలంగాణ పల్లెలలో ఊరి నడుమ తెరలు కట్టి ఈ సినిమా వేశారు. చూసి, విడిపోయిన అన్నదమ్ములు కలిసిన సంగతులు పత్రికలలో వచ్చాయి. చిన్నప్పటి మా గుడ్డ తెర నాకు గుర్తు వచ్చింది.

చేదు మందు

'పలాస 1978' అనే చిత్రము 2020లో వచ్చింది. కరుణకుమార్ దర్శకుడు. మన జిల్లాలోని పలాసలో జీడిపప్పు వ్యాపారుల నీడన, క్రింది కులములో పుట్టిన ఇద్దరు కళాకారులైన అన్నదమ్ములు కత్తి పట్టవలసి వచ్చిన కథ. రక్తము చాలా ఎక్కువ. పిల్లలకు చూపించకండి. నేనూ కొన్నిచోట్ల తల త్రిప్పుకున్నాను. కాని అవమానము మనిషిలో ఎలా పేరుకుంటుందో ఇంత సూటిగా చెప్పినవి తక్కువ. ఇది చూశాక, మన సంఘాలలో పెళ్లి సంబంధము మాట వచ్చేసరికి విశ్వాసము కంటె ముందు ఏమి అడుగుతున్నామో అని నా మనస్సులో గుచ్చుకుంది.

పెద్దవారికి మరొక చేదు మందు కావాలంటే 1954 నాటి 'పెద్దమనుషులు' చూడండి. కె.వి.రెడ్డిగారు తీశారు. రాష్ట్రపతి రజత పతకము పొందిన తెలుగు చిత్రము. ఊరంతా చేతులెత్తి మ్రొక్కే చైర్మను ధర్మారావు లోపల ఎలాంటివాడో గౌరినాథశాస్త్రిగారు గొంతు పెంచకుండానే చూపించారు. తిక్క శంకరయ్యగా రేలంగిగారు కడుపుబ్బ నవ్విస్తారు. సంఘ పెద్దల కూటమికి ముందు రోజు రాత్రి దీనిని చూశాను. మరునాడు లెక్కల పుస్తకము నేనే ముందుగా బల్ల మీద పెట్టాను.

వాలుగ చేప దవడ

"అయితే పాస్టరుగారు ఏ సినిమా అయినా చూడమంటున్నారు" అని ఎవరూ అనుకోవద్దు. నాకు నచ్చనివి ఎన్నో ఉన్నాయి. వద్దన్న పిల్ల వెంట పడటమే ప్రేమ అని చూపేవి, త్రాగుడును మగతనముగా చూపేవి, నల్లని వారిని, లావుగా ఉన్నవారిని, కుంటివారిని నవ్వులాట చేసేవి, కథకు అక్కర లేకుండా ఒక ఆడపిల్లను తెచ్చి ఆడించేవి. ఇవి కొత్తవాటిలోనే కాదు, మనము నెత్తిన పెట్టుకునే పాతవాటిలోనూ ఉన్నాయి. భార్యను కొట్టి దారికి తెచ్చిన మొగుడిని చూసి ఒకప్పుడు హాలంతా చప్పట్లు కొట్టింది. చప్పట్లు కొట్టినది మనమే.

మరి ఏమి చేయాలి? జవాబు మా ఊరిలోనే ఉంది. పొందూరు సన్న ఖద్దరుకు కొండపత్తి వాడుతారు. ఆ పత్తిని వాలుగ చేప దవడ ఎముకలోని సన్నని పళ్లతో, గుప్పెడు గుప్పెడుగా, ఓపికగా దువ్వి, నలుసులు, చెత్త తీసివేస్తారు. ఆ తరువాతే గింజ వేరు చేయడము, దూది ఏకడము, ఏకులు చుట్టడము, రాట్నము మీద వడకడము. నలుసు ఉన్నదని పత్తినంతా పారవేసిన స్త్రీని నేను మా ఊరిలో చూడలేదు. నలుసుతోనే వడికే స్త్రీని కూడా చూడలేదు. అలా వడికితే పోగు తెగుతుంది.

నాతాను ప్రవక్త దావీదు రాజు దగ్గరకు వెళ్లి నీవు పాపివని మొదటనే చెప్పలేదు. ఒక బీదవాని గొఱ్ఱెపిల్ల కథ చెప్పాడు. కథలోని దుర్మార్గుని మీద మండిపడిన రాజు, చివరకు ఆ మనిషి తానేనని తెలుసుకున్నాడు. మన ప్రభువు కూడా జనులకు కథలతోనే బోధించాడు. కథకు ఆ బలము ఉంది గనుకనే దానిని దువ్వి తీసుకోవాలి.

ఆ దువ్వడము ఒంటరిగా జరగదు. మా చిన్నప్పుడు గుడ్డ తెర ముందు ఊరంతా ఒక్కచోట కూర్చుంది. ఇప్పుడు ఒకే ఇంట్లో నలుగురు నాలుగు మూలల, నాలుగు ఫోనులలో, చెవులకు తీగలు పెట్టుకుని చూస్తున్నారు. ఎవరు ఏమి చూసి నవ్వారో, ఏమి చూసి భయపడ్డారో పక్కవారికి తెలియదు. మేము ఇంట్లో ఒక అలవాటు పెట్టుకున్నాము. శనివారము రాత్రి ఒక సినిమా, అందరూ కలిసి. ఏది చూడాలో ఒక్కొక్క వారము ఒక్కొక్కరు చెప్పాలి. ముగిశాక ముగ్గురు మాట్లాడిన తరువాతే నేను నోరు విప్పాలి. ఈ చివరి నియమము మా అమ్మగారు పెట్టినది. అన్నిటికంటె కష్టమైనది కూడా అదే!

మరల ఆ డోలకు

ఇప్పుడు ఆ అబ్బాయి సంగతి. 2024 డిసెంబరులో వాళ్లమ్మ జారిపడి తుంటి ఎముక విరిగింది. వాడు చెన్నై నుండి వచ్చాడు. నేను ప్రార్థన చేయడానికి వెళ్లేసరికి మంచము ప్రక్కన కూర్చుని తల్లికి ఫోనులో 'మిస్సమ్మ' చూపిస్తున్నాడు. ఆమె నొప్పి మరచి నవ్వుతోంది. నన్ను చూసి గబుక్కున ఫోను బోర్లించబోయింది. ముప్పై ఐదేళ్ల కొడుకు ఎదుట, డెబ్బై ఏళ్ల తల్లి, నాకు భయపడి! ఆ క్షణము నేను ఎంత సిగ్గుపడ్డానో చెప్పలేను. "ఆపవద్దమ్మా, నేనూ చూస్తాను" అని క్రింద చాప మీద కూర్చున్నాను.

సినిమా అయిపోయాక వాడు మెల్లగా అన్నాడు: "అయ్యగారూ, ఆ రోజు నేను చూసింది 'గమ్యం'. ఒక డబ్బున్న కుర్రాడు ఒక మోటారు సైకిలు దొంగతో కలిసి ఊళ్లు తిరిగి, పేదవారి కష్టము తెలుసుకుని మారే కథ. ఆ వారము యూత్ మీటింగులో తప్పిపోయిన కుమారుని గురించి నన్ను మాట్లాడమన్నారు కదా. అందులో ఈ కథ చెబుదామనుకున్నాను. ఏ సినిమా చూశావని మీరు నన్ను అడగలేదు."

నా దగ్గర జవాబు లేదు. ఆ తల్లి ఎదుటనే వాని రెండు చేతులు పట్టుకుని క్షమాపణ అడిగాను. నలుగురిలో అన్న మాటకు నలుగురిలోనే క్షమాపణ చెప్పాలి గనుక క్రిస్మస్ ఆరాధనలో వేదిక మీదనుండి కూడా అడిగాను. వాడు వచ్చి చివరి వరుసలో కూర్చున్నాడు. ఆరాధన తరువాత పాత డోలకు తెచ్చి వాని ముందు పెట్టాను. కాసేపు దాని మీద చేయి వేసి చూసి, "చేతులు మరచిపోయాయండి" అని తిరిగి ఇచ్చాడు. తల్లి కర్ర పట్టుకుని నాలుగడుగులు వేసేవరకు ఉండి, చెన్నై వెళ్లిపోయాడు. పదహారేళ్లు ఒక్క క్షమాపణతో తిరిగి వస్తాయని నేను అనుకోలేదు.

ఆ రాత్రే 'గమ్యం' చూశాను. క్రిష్ దర్శకత్వములో 2008 ఫిబ్రవరిలో వచ్చిన చిత్రము. బాగుంది. కొన్ని నలుసులు ఉన్నాయి. దూది ఎక్కువ ఉంది. వాడు యూత్ మీటింగులో ఆ కథ చెప్పి ఉంటే నా ప్రసంగము కంటె బాగుండేది.

ఇప్పుడు అప్పుడప్పుడు వాడు ఫోను చేస్తాడు. అమ్మ ఎలా ఉందని అడిగిన తరువాత, "ఈ వారము ఏ సినిమా చూశారు అయ్యగారూ?" అంటాడు. చెబుతాను. నీకేమి నచ్చిందిరా అని అడుగుతాను. ఈమధ్య మాటల్లో, డోలకు చర్మము బిగించి ఉంచమన్నాడు.

ప్రియ తల్లిదండ్రులారా, సంఘ పెద్దలారా, మీ బిడ్డ ఏదో చూస్తూ మిమ్మును చూసి ఫోను బోర్లించిన రోజున, కోపపడటానికి ముందు ప్రక్కన కూర్చోండి. ఆ సినిమా పేరు అడగండి.